లే మిజరాబ్ల్ మ్యూజికల్: నవల చదివి వెళ్లేవాళ్లకి కోపం రావడం న్యాయమేనా?

పాతపుస్తకం
వచ్చే నెల లండన్ వెళ్తున్నాను, మా మేనకోడలి దగ్గరికి. మామయ్యకి పుస్తకాల పిచ్చి కదా అని అది నన్ను అడక్కుండానే లే మిజరాబ్ల్ మ్యూజికల్‌కి టికెట్లు తీసేసింది. అప్పట్నుంచి నాకు టెన్షన్.

ఎందుకంటే ఆ నవల నేను పదకొండు నెలలు చదివాను. రాత్రి భోజనం అయ్యాక పది పేజీలు, ఒక్కోరోజు రెండే. విక్టర్ హ్యూగో 1862లో వేసిన పుస్తకం, ఐదు భాగాలు, 365 అధ్యాయాలు. తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: రొట్టె దొంగిలించినందుకు అయిదేళ్లు, పారిపోబోయినందుకు ఇంకో పద్నాలుగు, మొత్తం 19 ఏళ్లు జైల్లో ఉండి వచ్చిన వాల్జాన్‌ని ఒక బిషప్ మనిషిగా చూస్తాడు. అక్కణ్నుంచి అతను బాగుపడాలని, జావెర్ అనే పోలీసు అతన్ని మళ్లీ లోపలెయ్యాలని. మధ్యలో ఫాంటీన్ అనే దిక్కులేని తల్లి, ఆమె కూతురు కోజెట్, చివర్లో 1832 పారిస్ తిరుగుబాటు.

వెళ్లేముందు పాటల రికార్డింగు విన్నాను, విని తల పట్టుకున్నాను. కోజెట్‌ని పనిమనిషి కన్నా హీనంగా చూసే తెనార్దియే దంపతులు జోకర్లు అయిపోయారు. వీధిపిల్లాడు గవ్రోష్ వాళ్ల సొంత కొడుకు అన్న మాటే లేదు. వాటర్లూ యుద్ధం లేదు. బిషప్‌కి నవలలో మొదటి 14 అధ్యాయాలు ఇస్తే ఇక్కడ ఒక చిన్న పాట. నా ప్రశ్న ఒకటే. ఇంత పెద్ద నవలని స్టేజీ ఎక్కించేవాళ్లు చదివినవాళ్లకి ఏమైనా బాకీ ఉంటారా, లేక మనమే ఏమీ ఆశించకుండా వెళ్లి కూర్చోవాలా?

నైట్‌షిఫ్ట్
బాకీ ఏంటి మాస్టారూ, 365 అధ్యాయాలు పాడితే సంక్రాంతికి మొదలెట్టి సంక్రాంతికి తేల్తారు. నేను నవల చదవలేదు, 2012 సినిమా చూశాను. సెట్లో నిజంగా పాడించారు, ఫాంటీన్ వేసిన యాన్ హాథవేకి ఆస్కార్ వచ్చింది, ఆ ఒక్క పాటకి నేను అర్ధరాత్రి ఆఫీసు క్యాబ్‌లో ఏడ్చాను, డ్రైవరన్న అద్దంలో చూసి పాటల సౌండు తగ్గించాడు. ఫ్రెంచి రివల్యూషన్ గురించి నాకు ముందు అంతగా తెలీదు, దాని వల్లే తెలిసింది. ఇంకేం కావాలి?

సీతమ్మధార
తెలిసింది అంటున్నారు గానీ తప్పు తెలిసింది. అది ఫ్రెంచి రివల్యూషన్ కాదు. అది 1789. ఇది 1832 జూన్ 5, 6 తేదీల్లో పారిస్‌లో జరిగిన చిన్న తిరుగుబాటు, రెండు రోజుల్లో అణిచేశారు. పెద్ద విప్లవం గెలిచింది కాబట్టి అందరికీ తెలుసు, ఇది ఓడిపోయింది కాబట్టి హ్యూగో రాశాడు. ఆ తేడా తెలియకుండా బయటికొచ్చారంటే అది చూపించినవాళ్ల తప్పు కూడా.

పాతపుస్తకం గారూ, మీ కోపం న్యాయమే. అయితే వాటర్లూ కోసం కాదు. మీరు అసలు పెద్ద దెబ్బ చెప్పలేదు. పెతి జెర్వే ఏడీ?

నవలలో తన వెండి ఎత్తుకెళ్లిన వాల్జాన్‌ని బిషప్ క్షమించి, ఆ వెండే ఇచ్చి పంపేశాక అతను వెంటనే మంచివాడైపోడు. ఊరు దాటి పొదల దగ్గర కూర్చుని ఉంటే ఓ పదేళ్ల పిల్లాడు నాణేలు ఎగరేసుకుంటూ వస్తాడు. నలభై సూల (సూ అంటే ఫ్రెంచి చిల్లర) నాణెం జారి దొర్లుకుంటూ వస్తుంది. వాల్జాన్ దాని మీద కాలు పెడతాడు. పిల్లాడు నా డబ్బు నాకివ్వు అని ఏడుస్తాడు, ఇతను కాలు తియ్యడు, కర్ర చూపించి వెళ్లగొడతాడు. పిల్లాడు పోయాక కాలు తీస్తే నాణెం మెరుస్తూ కనపడుతుంది. అప్పుడు వెతుక్కుంటూ పరుగెడతాడు, అరుస్తాడు, ఇంక దొరకడు. అక్కడ మారతాడు మనిషి. స్టేజీ మీద ఆ పిల్లాడు లేడు. బిషప్ కొవ్వొత్తి స్తంభాలు ఇచ్చిన మరుక్షణం హీరో మారిపోతాడు, మన సినిమాల్లో విలన్ క్లైమాక్స్‌లో మారినట్టు. నేను పిల్లలకి పాఠం చెప్పినన్నాళ్లూ ఆ నాణెం దగ్గరే ఆగేదాన్ని.

హార్మోనిస్టు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మాది తెనాలి పక్కన పల్లె. మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు, నేను కూడా ఇరవయ్యేళ్లు వాయించాను. ఈ గొడవ వింటుంటే నవ్వొస్తోంది, ఎందుకంటే ఇది మేం వందేళ్ల కిందటే తేల్చుకున్న గొడవ.

పాండవోద్యోగ విజయాలు తీసుకోండి. తిరుపతి వేంకట కవులు రాశారు. అందులో శాంతిపర్వం ఉందా? భీష్ముడు అంపశయ్య మీద పడుకుని చెప్పిన రాజధర్మాలన్నీ ఉన్నాయా? లేవు. ఎవడైనా లేచి భారతానికి అన్యాయం జరిగింది అన్నాడా? శివరాత్రికి తెర లేస్తే నేరుగా పడక సీను. కృష్ణుడు ఎవరో, అర్జునుడు ఎవరో ఎవడూ చెప్పడు. చెప్పక్కర్లేదు. జనం వచ్చింది కథ తెలుసుకోవడానికి కాదు, ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ ఈ కృష్ణుడు ఎలా పాడతాడో విందామని. నిన్నటివాడు ఎక్కడ రాగం లాగాడు, వీడెక్కడ లాగుతాడు, అదీ లెక్క. బాగుంటే వన్స్‌మోర్, బాగాలేకపోతే వెనక బెంచీ నుంచి దగ్గు. మా దగ్గర ఒక్క రాత్రిలో ముగ్గురు కృష్ణులు మారతారు, ఒకడు లావు, ఒకడు సన్నం, ఎవడికీ ఇబ్బంది లేదు.

కాబట్టి చదివినవాడు కథ కోసం కాదు, పద్యం కోసం వెళ్లాలి. నా లెక్క అది.

సీతమ్మధార
హార్మోనిస్టు గారూ, పోలిక బాగుంది కానీ మీకే ఎదురు తిరుగుతుంది. భారతం మన ఇళ్లలో పుట్టినప్పట్నుంచి ఉంటుంది. లండన్ హాల్లో కూర్చున్న వెయ్యిమందిలో హ్యూగో ఎంతమంది చదివుంటారు? వాళ్లకి స్టేజీ మీద కనపడిందే నవల. మీ పడక సీనులో లేనిది జనం మనసులో ఉంది. ఇక్కడ లేనిది ఎక్కడా లేదు.

హార్మోనిస్టు
అమ్మా, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ దానికి వాళ్లే జవాబు ఇచ్చారు. ఈ మ్యూజికల్ మొదట ఇంగ్లీషుది కాదు. బుబ్లిల్, షోన్‌బెర్గ్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1980లో పారిస్‌లో పెద్ద స్పోర్ట్స్ హాల్లో ఆడించారు. అందులో బిషప్ ముక్కే లేదు. నేరుగా ఫాంటీన్ ఫ్యాక్టరీతో మొదలు. ఎందుకు? ఫ్రెంచి పిల్లలు బళ్లో చదువుతారు, బిషప్ వెండి ఎవడికి తెలీదు, అచ్చం మా పడక సీను లాగే. 1985లో లండన్ బార్బికన్‌కి తెచ్చేటప్పుడు ఇక్కడివాళ్లకి తెలీదు కదా అని జైలు, బిషప్ ముందు చేర్చారు. ఎదురుగా కూర్చున్నవాడికి ఎంత తెలుసో చూసుకుని తెర ఎత్తారు. ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

కాకినాడ_కాజా
ఈ హార్మోనిస్టు గారికి పారిస్ సంగతులు ఎలా తెలుసురా బాబూ 😄

హార్మోనిస్టు
మా అబ్బాయి నెట్‌లో చూపించాడు. హార్మోనియం వాయించేవాడు బావిలో కప్పా ఏంటి.

లండన్_గోంగూర
నేను చెప్పొచ్చా? ఇక్కడే ఉంటాను, ఈ షో రెండు రకాలుగా చూసినదాన్ని. అసలు అభిమానులు కొట్టుకునేది మీరనుకునే విషయం మీద కాదు. నవలలో ఏం పోయింది అని ఇక్కడ పెద్దగా ఎవరూ అడగరు. కొట్టుకున్నది తిరిగే స్టేజీ మీద.

పాత ప్రొడక్షన్‌లో నేలంతా గుండ్రంగా తిరిగేది. 2011లో చూశాను. తిరుగుబాటు కుర్రాళ్లు వీధికి అడ్డంగా కట్టిన బ్యారికేడ్ పడిపోయాక మ్యూజిక్ ఒక్కటే ఉంటుంది, స్టేజీ నెమ్మదిగా తిరుగుతుంది, అవతలి వైపు వస్తుంది. అక్కడ కుర్రాళ్ల నాయకుడు ఆంజొల్రాస్ ఎర్రజెండా మీద తలకిందులుగా వేలాడుతూ చచ్చిపడి ఉంటాడు. ఒక్క మాట లేదు, ఒక్క పాట లేదు. హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. 2019 జులైలో ఆ ప్రొడక్షన్ ఆపేశారు. థియేటర్ బాగుచేసి, పేరు సోండ్‌హైమ్ అని మార్చి, కొత్త సెట్‌తో మొదలెట్టారు. తిరిగే నేల లేదు. ఆంజొల్రాస్ ఇప్పుడు బండి మీద పడి ఉంటాడు. వెనక తెర మీద బొమ్మలు పడతాయి. పాత అభిమానులు ఎంత గోల చేశారంటే మన దగ్గర హీరోకి కటౌట్ పెట్టనివ్వకపోయినా అంత గోల ఉండదు.

తమాషా ఏంటంటే ఆ తెర మీద బొమ్మలు హ్యూగో సొంతంగా సిరాతో వేసుకున్న బొమ్మల్ని చూసి చేసినవి. అంటే నవల రాసినాయన చేతికి కొత్త షోనే దగ్గర. అయినా అభిమానులకి అది ద్రోహం. ఎందుకంటే వాళ్లకి ‘అసలు’ అంటే 1862 కాదు, 1985.

నైట్‌షిఫ్ట్
అక్కా ఇది నిజం. మా టీమ్‌లో ఒకమ్మాయి సినిమా మీద ఇప్పటికీ గొణుగుతుంది. స్టేజీ మీద వాల్జాన్ చనిపోయేటప్పుడు ఫాంటీన్, ఎపొనీన్ ఇద్దరూ వస్తారట, సినిమాలో ఎపొనీన్‌ని తీసేసి బిషప్‌ని పెట్టారట. ‘ముగ్గురూ కలిసి పాడేది పోయింది’ అని.

పాతపుస్తకం
ఆగండాగండి. వాల్జాన్ చావుకి ఎపొనీన్ రావడమేంటి? నవలలో వాళ్లిద్దరికీ సరిగా పరిచయమే లేదు! ఎపొనీన్ తెనార్దియే కూతురు. మారియుస్ అనే కుర్రాణ్ని ప్రేమిస్తుంది, అతను కోజెట్‌ని ప్రేమిస్తాడు. ఆమె మంచిపిల్లే, కానీ ఎలాంటి మంచి? కోజెట్ రాసిన ఉత్తరం దాచేస్తుంది. మారియుస్‌ని కావాలనే బ్యారికేడ్ దగ్గరికి రప్పిస్తుంది, ఇద్దరం అక్కడే చద్దాం, ఇంకెవరికీ దక్కకూడదు అని. తీరా తుపాకీ గురిపెట్టేసరికి చెయ్యి అడ్డం పెట్టి తనే చస్తుంది. ఆ మెలిక వల్లే ఆమె గుర్తుంటుంది. మ్యూజికల్‌లో వానలో ఒంటరిగా నడుస్తూ పాట పాడుకునే పాపం పిల్ల అయిపోయింది. సినిమానే నయం, బిషప్ రావడంలో ఒక అర్థం ఉంది.

హార్మోనిస్టు
పాతపుస్తకం గారూ, మీకో సంగతి చెప్తాను, కోప్పడకండి.

హరిశ్చంద్ర నాటకం కాటి సీను విన్నారు కదా. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. ‘ఇచ్చోటనే’ అని హరిశ్చంద్రుడు శ్మశానంలో నిలబడి ఎత్తుకుంటే ఊరంతా కదిలిపోతుంది. ఆ పద్యాలు బలిజేపల్లివి కావు. గుఱ్ఱం జాషువా గారి శ్మశానవాటి. నటులు పట్టుకొచ్చి మధ్యలో పెట్టారు. ఒకసారి మా బృందంలో ఓ కుర్ర హరిశ్చంద్రుడు, బాగా చదువుకున్నవాడు, ఒరిజినల్ ప్రకారం వేద్దామండీ అని ఆ పద్యాలు తీసేశాడు. నేను పెట్టె ముందు కూర్చుని శ్రుతి పట్టుకుని ఉన్నాను. ముందు వరసలో ఓ రైతు లేచి, కండువా దులిపి, ‘అబ్బాయ్, అసలుది ఎగ్గొడతావేంట్రా’ అన్నాడు. అసలుది! కుర్రాడు నా వంక చూశాడు. నేను ఇంకేం ఆలోచించకుండా ఆ పద్యానికి ఎత్తుగడ వాయించేశాను, వాడు పాడక చస్తాడా.

ఎపొనీన్ వానపాట కూడా అంతే. 1980 ఫ్రెంచి షోలో ఆ వరస ఎపొనీన్‌ది కాదు, ఫాంటీన్‌ది. లండన్‌లో మార్చి ఈ పిల్లకిచ్చారు. ఇప్పుడు ఆ పాట లేకుండా వేసి చూడమనండి, టికెట్ డబ్బులు వెనక్కిమ్మంటారు.

సీతమ్మధార
కథ బాగా చెప్పారు, నేను నవ్వాను కూడా. కానీ జాషువా గారి పద్యాలు కాటి సీనుని లోతు చేశాయి. చావు ముందు రాజూ బిచ్చగాడూ ఒకటే అన్నది అక్కడ ఇంకా పదునెక్కింది. తీసేసిందేం లేదు, చేర్చారు. తెనార్దియేకి జరిగింది చేర్చడమా? పసిపిల్లని చలిలో బావికి పంపేవాడు, తల్లి దగ్గర పిల్ల జబ్బని అబద్ధం రాసి డబ్బు పిండేవాడు. ఆ డబ్బు కోసమే ఫాంటీన్ పది ఫ్రాంకులకి జుట్టు అమ్ముకుంటుంది, నలభై ఫ్రాంకులకి ముందు పళ్లు రెండూ పీకించుకుంటుంది. పళ్లు పీకించినవాడితో కలిసి హాలు హాలంతా చప్పట్లు కొట్టడం నాకు భరించరానిది. చివరికి వాడేమవుతాడో గుర్తుందా? మారియుస్ ఇచ్చిన డబ్బుతో అమెరికా పోయి బానిసల వ్యాపారం పెడతాడు. హ్యూగో ఒక్క వాక్యంలో చెప్పేసి ఊరుకుంటాడు. అది జోకా?

నేను అడిగేది సీన్లు కాదు. వాదం. హ్యూగో వాదం: పేదరికం మనుషుల్ని ఏం చేస్తుంది, చట్టం దాన్ని ఎలా ముదరబెడుతుంది. మీ రాయబారం సీనులో కృష్ణుడి వాదం తీసేసి ఆటపాట మిగిలిస్తే ఒప్పుకుంటారా?

హార్మోనిస్టు
ఒప్పుకోను. అది మటుకు ఒప్పుకోను. రాయబారంలో వాదమే పద్యం.

లండన్_గోంగూర
తెనార్దియే విషయంలో మీది నిజమే కానీ పూర్తిగా కాదు మేడమ్. వాటర్లూ పోయింది అని పాతపుస్తకం గారు అన్నారు కదా, నేను నవల తర్వాత చదివాను కాబట్టి తిరగేసి చూసుకున్నాను. నవలలో వాటర్లూకి 19 అధ్యాయాలు. అన్నీ అయ్యాక రాత్రి శవాల మధ్య ఒకడు జేబులు వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. వాడే తెనార్దియే. స్టేజీ మీద యుద్ధం లేదు కానీ ఆ శవాల దొంగ పోలేదు. తీసుకెళ్లి పారిస్ మురుగుకాలవల్లో పెట్టారు. బ్యారికేడ్‌లో చచ్చినవాళ్ల వేళ్లకి ఉంగరాలు లాక్కుంటూ పాడతాడు. దేవుడు లేడు, చందమామ ఒక్కటే చూస్తోంది అని. అది నవ్వించే పాట కాదు. 19 అధ్యాయాల చివరి ముక్క ఒక్కటి పట్టుకుని మిగతాది వదిలేశారు. నాకైతే అది మంచి కత్తిరింపే.

కాకినాడ_కాజా
అయితే నాకో డౌటు. మన బీదల పాట్లు సినిమా దీని కథేనా? మా తాతయ్య నాగయ్య గారిని తలుచుకుని కళ్లు తుడుచుకునేవాడు.

పాతపుస్తకం
దీని కథే. 1950. చిత్తూరు నాగయ్య గారే వాల్జాన్. తమిళంలో కూడా తీశారు. అందులో జావెర్ పాత్ర వేసిన సీతారామన్‌కి ఆ పాత్ర పేరే అతుక్కుపోయి జావర్ సీతారామన్ అయ్యాడు, జీవితమంతా అదే పేరు. కథలో మనిషి పేరు నటుడికి ఇంటిపేరు కావడం అంటే చూడండి. అప్పుడు ఎవరూ హ్యూగోకి అన్యాయం అనలేదు, అది నిజమే. మన ఊళ్లో జరిగిన కథ అనుకుని చూశారు.

సీతమ్మధార
ఎందుకనలేదంటే నాగయ్య గారి మొహం చూస్తే 14 అధ్యాయాల బిషప్, వాల్జాన్ ఇద్దరూ కనపడతారు కాబట్టి. నేను ఆయన పక్షపాతిని, వదిలెయ్యండి.

అడ్మిన్
కొందరు స్పాయిలర్లు అని రిపోర్ట్ కొట్టారు. 1862 నవల బాబూ. తీసెయ్యను.

నైట్‌షిఫ్ట్
ఒక మాట. వాదం పోయింది అంటున్నారు, కానీ 2019లో హాంకాంగ్ వీధుల్లో జనం పాడింది ఈ మ్యూజికల్‌లో తిరుగుబాటు పాటే కదా. నవల చదివి వీధిలోకి వచ్చినవాళ్లు ఎంతమందో గానీ పాట పాడుతూ వచ్చినవాళ్లని టీవీలో చూశాం. బతికున్న వాదం అంటే అదే అనుకుంటా.

సీతమ్మధార
దానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తాను.

పాతపుస్తకం
(ఆరు వారాల తర్వాత)
చూసొచ్చాను. జెట్‌లాగ్ తగ్గాక రాద్దామని ఆగాను.

ఇంటర్వెల్‌తో కలిపి మూడు గంటలకి కాస్త తక్కువ. మేనకోడలు ముందే చెప్పింది, ‘మామయ్యా, మధ్యలో నవలలో ఇలా లేదు అని చెవిలో చెప్పొద్దు’ అని. చెప్పలేదు. రెండుసార్లు మాత్రం చెప్పాను.

పెతి జెర్వే లేడు. సీతమ్మధార గారూ, ఆ లోటు నాకు గట్టిగానే తెలిసింది, ఎందుకంటే మీరు చెప్పాక ఆ నాణెం కోసం చూస్తూనే కూర్చున్నాను. బిషప్ కొద్ది నిమిషాలే. కానీ ఆ కొవ్వొత్తి స్తంభాలు ఇవి కూడా మర్చిపోయావు నాయనా అన్నట్టు చేతిలో పెట్టినప్పుడు, నాకు ఆ 14 అధ్యాయాలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయన తన పెద్ద బంగళా ఆస్పత్రికి ఇచ్చేసి చిన్న ఇంట్లోకి మారడం, వెండి వస్తువుల మీద మాత్రం కాస్త మమకారం ఉండటం, అన్నీ. పక్కవాళ్లకి ఒక ముసలాయన కనపడి ఉంటాడు, నాకు మనిషంతా కనపడ్డాడు. హార్మోనిస్టు గారు చెప్పిన పడక సీను ఇదేనేమో. తెలిసినవాడికి తక్కువ చాలు. తెలియనివాడి సంగతి మటుకు మేడమ్ అన్నదే నిజం.

నన్ను పడగొట్టింది జావెర్ చావు. నవలలో అది నాకు ఇష్టమైన చోటు. వాల్జాన్ తన ప్రాణం కాపాడాడు, ఇతను వాల్జాన్‌ని వదిలేశాడు, ఇక ఏ చట్టం ప్రకారం బతకాలో తెలీదు. సేన్ నదిలో దూకబోయే ముందు పోలీసు ఠాణాలోకి వెళ్లి, కాగితం అడిగి, జైళ్ల పాలనలో మెరుగులు అని పది అంశాలు రాస్తాడు. ఖైదీల్ని సోదా చేసేటప్పుడు చెప్పులు విప్పించి రాతినేల మీద నిలబెడుతున్నారు, తిరిగొచ్చాక దగ్గుతున్నారు, ఆస్పత్రి ఖర్చు. మగ్గం దగ్గర దారం తెగితే పది సూలు కోస్తున్నారు, అది అన్యాయం. సంతకం పెట్టి, తారీఖు వేసి, బయటికొచ్చి దూకుతాడు. గవర్నమెంటు ఆఫీసులో ముప్పయ్యేళ్లు ఫైళ్లు రాసినవాణ్ని, ఆ కాగితం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

స్టేజీ మీద ఆ కాగితం లేదు. అది చూడాలనే వెళ్లాను, లేదు. కోపం రావాల్సిన చోటే. కానీ అతను పాడుతుంటే ఇది ఇంతకుముందు విన్నానే అనిపించింది. మొదట్లో బిషప్ క్షమించాక వాల్జాన్ ఒంటరిగా పాడుకున్న వరసే. అదే బాణీ. క్షమాపణ దొరికినప్పుడు ఒకడు ఆ బాణీతో బతకడం మొదలెట్టాడు, ఇంకొకడు అదే బాణీతో చస్తున్నాడు. రికార్డింగులో నాలుగుసార్లు విన్నా నాకు తట్టలేదు. హ్యూగో పది అంశాల్లో రాసిందే వీళ్లు ఇలా రాశారా అని కాదు, అది వేరే ఇది వేరే, కానీ ఇది కూడా ఎవరో నవలని నెలల తరబడి చదివితేనే తడుతుంది. చదివినవాళ్లకి బాకీ అంటే నాకు ఆ రాత్రి అర్థమైంది అదే, వీళ్లు కూడా చదివారు అన్న నమ్మకం. ఆ కాగితం లేకపోయినా కాగితం చదివినవాడు చేసిన పని అది.

తెనార్దియే సత్రంలో నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నాను. కాలవలో మారియుస్ వేలి నుంచి ఉంగరం లాగేసరికి ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది. ఇంతసేపు వీడితోనా నవ్వాను అనిపించింది.

సీతమ్మధార
ఆ తర్వాత పెళ్లిలో వెండి గిన్నెలు జేబులో వేసుకుంటూ మళ్లీ వచ్చి నవ్వించలేదా? అప్పుడు ఏం చేశారు?

పాతపుస్తకం
నవ్వాను.

సీతమ్మధార
మరి? నేను చెప్పేది అదే. జావెర్ బాణీ సంగతి నాకు తెలీదు, ఇవాళ రాత్రి వింటాను. వాల్జాన్ పాట, ఆ పాట పక్కపక్కన పెట్టుకుని. తెనార్దియే దగ్గర మాత్రం నా మాట మారదు.

హార్మోనిస్టు
వినండమ్మా. మొదటిది చివర్లో పైకి లేస్తుంది, రెండోది కుంగిపోతుంది. మా అబ్బాయి పెట్టి వినిపిస్తే నేను పెట్టె మీద వాయించి చూశాను. ఇంకోటి కూడా దొరికింది, ఫాంటీన్ చచ్చిపోతూ పాడే వరస, ఎపొనీన్ వానపాట వరస ఒకటే. అందుకే చివర్లో ఇద్దర్నీ కలిపి తీసుకొచ్చారేమో పాతపుస్తకం గారూ, వాల్జాన్‌తో పరిచయం లేకపోయినా.

పాతపుస్తకం
ఉండొచ్చు. అయినా ఆ పిల్ల అక్కడికి రావడం నాకు నచ్చలేదు. ఉత్తరం దాచిన ఎపొనీన్ నాకు కావాలి.

లండన్_గోంగూర
ఇంతకీ గ్రాంతేర్‌ని చూశారా అంకుల్? తాగుబోతు, ఎప్పుడూ సీసా చేతిలో ఉంటుంది. నవలలో బ్యారికేడ్ పడిపోయేదాకా నిద్రపోయి, లేచి, ఆంజొల్రాస్ పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని ఇద్దర్నీ కలిపి కాల్చమంటాడు కదా. స్టేజీ మీద అతనికి పెద్ద పాటేం లేదు. కానీ గవ్రోష్‌ చచ్చినప్పుడు అతన్నే చూడండి, వెనక మూలన. నవల చదివిన నటుడైతే ఇట్టే తెలిసిపోతుంది.

పాతపుస్తకం
చూడలేదమ్మా. గవ్రోష్‌నే చూస్తూ ఉండిపోయాను. మళ్లీ వస్తే చూస్తాను, ఈసారి టికెట్ నేనే తీస్తాను.

కాకినాడ_కాజా
మొత్తం చదివాక నాకూ నవల చదవాలనిపిస్తోంది. కుదించినది చదవనా, మొత్తమా? నిజం చెప్పండి, పదకొండు నెలలు నా వల్ల కాదు.

సీతమ్మధార
కుదించినదైనా ఫర్వాలేదు. కొనేముందు తిరగేసి పెతి జెర్వే ఉన్నాడో లేడో చూసుకోండి. లేకపోతే వెనక్కి పెట్టెయ్యండి.

లండన్_గోంగూర
వాటర్లూ చివరి అధ్యాయం కూడా. మిగతా 18 మీ ఇష్టం.